దుప్పటోడి మేనమామ

నేను ఉద్యోగ విరమణ చేసి ఏడాది కావస్తోంది. నా వయసు ఇరవై ఆరు. సన్మానం జరగలేదు, శాలువా కప్పలేదు. ఒక సాయంత్రం మా షాపు ఓనరు "ఇంక ఈ డెమోల పని ఉండదబ్బాయ్" అన్నాడు, నేను "సరేనండి" అన్నాను, ఈలోపు టీ వచ్చింది, ఇద్దరం తాగాం. అంతటితో అయిపోయింది. టీవీల లైనులోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళు నా అనుభవాలు రాసిపెట్టమని అడుగుతున్నారు. నిజానికి అడిగింది ఒక్కడే. అతను కూడా వేరే పని మీద వచ్చి, కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడాలి గనక అడిగాడు. అయినా రాస్తున్నాను.

మాది నరసరావుపేట. నేను చేసింది డెమో బాబు ఉద్యోగం. ఇప్పుడు ఏ ఊరికి వెళ్ళినా పెంకుల మీద యాంటెన్నాలు కనిపిస్తున్నాయి గనక, డెమో అంటే ఏమిటో ఇక చెప్పాల్సి వస్తుంది. నాలుగైదేళ్ళ కిందట మా పల్నాటి ఊళ్ళలో టీవీ అంటే రేడియోకి అద్దం బిగించారని అనుకునేవాళ్ళు. అలాంటి చోట అమ్మాలంటే ముందు చూపించాలి. మా ఓనరుకి దీనికో పద్ధతి ఉండేది. ఒక ఊరు చూసుకుని, ఆ ఊళ్ళో కాస్త స్థోమతా వెడల్పాటి వరండా రెండూ ఉన్న ఇల్లు చూసుకుని, అక్కడ టీవీ పెట్టేసేవాడు. ఊరికే. నేను ఆదివారం పొద్దున్నే బస్సులో వెళ్ళి ఆన్ చేయాలి, అయిపోయాక గుడ్డ కప్పి, తాళం వేసి రావాలి. కొన్ని వారాలయ్యాక "ఇక పెట్టె తీసుకెళ్తాం" అనాలి. అప్పుడు పిల్లలు ఏడుస్తారు.

"పిల్లలు ఏడిస్తే సగం అమ్ముడుపోయినట్టు. ఆడవాళ్ళు మాట్లాడకుండా ఊరుకుంటే మొత్తం అమ్ముడుపోయినట్టు" అనేవాడు ఆయన. ఆయన ఇంట్లో టీవీ లేదు. ఆ రెండూ ఆయన ఎక్కడ చూశాడో నేను అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ఎందుకంటే, ఆ వేళకి బొమ్మల సీరియల్ వచ్చేది. పై దేశంలో గీసిన బొమ్మలు. మాట ఇంగ్లీషు, అదీ ముక్కుతో. అందులో హీరో పగలంతా గడియారాలు బాగుచేసుకునే ఒక పిరికి మనిషి. కుక్క మొరిగితే బల్ల కిందకు దూరే రకం. ఎక్కడన్నా ఆపద వచ్చిందని తెలిస్తే మాత్రం దుకాణం వెనక్కి పరిగెత్తి, చేతి గడియారం ముల్లు వెనక్కి తిప్పేవాడు. అంతే, ఛాతీ పొంగి, భుజాల మీద పసుపు దుప్పటి ఒకటి మొలిచి, గాల్లోకి లేచేవాడు. మేం ఊళ్ళకు తీసుకెళ్ళేవి నలుపు తెలుపు పెట్టెలు గనక అది పసుపని ఎవరికీ తెలియదు. షాపులో ఒక కలర్ టీవీ ఉండేది గనక నాకు తెలుసు. అతనికి ఇంగ్లీషులో ఏదో పేరుంది. ఊళ్ళో అందరూ దుప్పటోడు అన్నారు, నేనూ అదే ఖాయం చేశాను.

అతని మీదికి ప్రతి వారం నున్నగా గుండు కొట్టించుకున్న ఒక గుండాయన వచ్చేవాడు. కొండ గుహలో పొగల మధ్య కూర్చుని లోకాన్ని చేజిక్కించుకోవాలని చూసేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. చెప్పినా ఇంగ్లీషులో చెప్పేవాడు.

దుప్పటోడంటే జనానికి అంత మోజు ఎందుకని మా ఓనరు నన్నొకసారి అడిగాడు, అమ్మకాలకు పనికొస్తుందేమోనని. ఎగురుతాడు గనక అన్నాను. అది తప్పని తర్వాత తెలిసింది. ఎగరడం పిల్లలకు ఒకటి రెండు వారాల సంబరం, అంతే. పెద్దవాళ్ళు నోరెళ్ళబెట్టింది వేరే దానికి. దుప్పటోడూ ఆ గడియారాల మనిషీ ఒకడేనని మనకు తెలుసు, పక్క దుకాణం వాడికి తెలియదు. ఇన్ని వారాలైనా తెలియదు. మన ఊళ్ళలో పొద్దున ఎవరింట్లో ఏం కూర వండారో, మధ్యాహ్నానికి ఊరంతా రుచి చెప్పగలదు. అలాంటి చోట ఒక మనిషి తన సంగతి ఎవరికీ తెలియకుండా ఇన్నాళ్ళు దాచుకోగలిగాడంటే, అదీ అసలు శక్తి. ఎగరడం దాని ముందు ఎంత?

ఇక ఆ ఊరు. గురజాల దాటి రెంటచింతల వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. పేరు రాయను, వాళ్ళకు నేను ఇంకా గుర్తున్నాను. ఎండల గురించి కూడా రాయను, ఆ చుట్టుపక్కల ఎండల గురించి రాస్తే కోతలనుకుంటారు. మేం టీవీ పెట్టింది పత్తీ మిరపా పండించే ఒక పెద్ద రైతు వరండాలో. ఆయన్ని ఇంటాయన అంటాను. బట్టతల, తక్కువ మాట. వరండా కప్పుకి ఒక ఫ్యాను ఉండేది. ఆ వీధి మొత్తానికి అదొక్కటే వరండా ఫ్యాను. అందుకని దుప్పటోడి కోసం వచ్చినవాళ్ళెందరో ఫ్యాను కోసం వచ్చినవాళ్ళెందరో చెప్పలేను. ఇంటాయన తల్లి, మామ్మ అందాం, ఫ్యాను కింద నులకమంచం వేయించుకుని ముందు వరసలో కూర్చునేది. వీధికి అవతలివైపు, సరిగ్గా ఎదురుగా, ఒక కారం మిల్లు.

మా షాపులో సీనియర్ మెకానిక్ ఒకాయన ఉండేవాడు. నేను అన్నా అనేవాణ్ణి. ఆ ఊళ్ళో యాంటెన్నా బిగించింది ఆయనే. బిగించి, దిగి, చేతులు దులుపుకుంటూ నాకు ఉద్యోగ ధర్మం చెప్పాడు.

"పెట్టె ఆన్ చెయ్యి. నోరు ఆఫ్ చెయ్యి. మనం పెట్టెలు అమ్మేవాళ్ళం, కథలు చెప్పేవాళ్ళం కాదు."

మొదటి ఆదివారం పావుగంట సేపు ఆ మాట మీద నిలబడ్డాను.

"ఏమంటున్నాడబ్బాయా?" అంది మామ్మ, తెర వైపు చెయ్యి చూపించి.

"ఇంగ్లీషు మామ్మా. నాకు రాదు."

"సాయిబుల అబ్బాయివి గదా, ఉర్దూ వచ్చుగా?"

"వచ్చు."

"ఉర్దూ వచ్చినోడికి ఇంగ్లీషు రాకుండా ఎట్లా ఉంటది?"

వరండా అంతా తలూపింది. ఇంతమంది ఒకేసారి ఒప్పుకున్నాక కాదనడం బాగుండదు. నేను టీవీ పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. కష్టమేమీ కాలేదు. ఎగిరితే ఎగిరాడన్నాను, పడితే పడ్డాడన్నాను. ఆ గుండాయన తెర మీదికి వచ్చి పళ్ళు కొరికాక వచ్చింది ఇబ్బంది.

"ఈయన ఆ అబ్బాయికి ఏమవుతాడు?" అంది మామ్మ.

"ఏమీ కాడు మామ్మా. శత్రువు."

"శత్రువైతే ఏదో ఒకటి అవ్వాలిగా. ఏమీ కానోడితో ఇంతగా పడి చచ్చేదెవరు?"

వెనకనుంచి ఇంకెవరో, "అవునబ్బాయా, పాలోళ్ళా, వియ్యంకులా? అది చెప్పకపోతే కథ ఎట్లా తెలుస్తది?" అన్నారు.

తమ్ముళ్ళూ, ఆ బొమ్మలు గీసినవాళ్ళు లోకం గురించి చాలా ఆలోచించి ఉంటారు గానీ చుట్టరికం గురించి ఆలోచించలేదు. మన జనానికి ఆ ఒక్కటి లేకపోతే ఎంత పెద్ద యుద్ధమైనా తలకెక్కదు. ఏదో ఒకటి చెప్పాలి గనక నోటికొచ్చింది చెప్పాను.

"మేనమామ."

వరండా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆహా, నా కథకి ఎంత బలముందో అనుకున్నాను. అందరూ తెర వదిలేసి ఇంటాయన వైపు చూస్తున్నారని కాసేపటికి గమనించాను. ఇంటాయన తెర వైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా కారం మిల్లు మొదలైంది. వోల్టేజి పడిపోయి తెర నాలుగు వైపులా ముడుచుకుంది. ఆకాశమంత దుప్పటోడు పొట్లకాయంత అయ్యాడు. మరో నిమిషానికి ఘాటు వచ్చి అందరూ తుమ్మడం మొదలుపెట్టారు.

తిరుగు బస్సు కోసం నిలబడినప్పుడు బడ్డీకొట్టు ఆయన సోడా కొడుతూ విషయం చెప్పాడు. ఆ మిల్లు ఇంటాయన సొంత చెల్లెలిది. ఆమె, ఆమె కొడుకూ కలిసి నడుపుతారు. రెండు కుటుంబాల పొలాల మధ్య గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉండేది. అది ఎవరిదని మాటా మాటా వచ్చింది. మూడేళ్ళుగా మేనమామకీ మేనల్లుడికీ, అన్నకీ చెల్లెలికీ మాటల్లేవు.

"ఇప్పుడా చెట్టు ఎవరి దగ్గరుంది?" అన్నాను.

"చెట్టెక్కడుంది? చెద పట్టి ఎప్పుడో పడిపోయింది. గొడవ మాత్రం ఏపుగా ఉంది."

తర్వాతి ఆదివారానికి జనం రెట్టింపయ్యారు. వాళ్ళు దుప్పటోడి కోసం రాలేదు, ఫ్యాను కోసమూ రాలేదు. ఇంటాయన మీదికి కథ ఎంత దూరం వెళుతుందో చూద్దామని వచ్చారు. నేను జాగ్రత్తగా ఉందామనుకున్నాను. కానీ జనం ఊరుకోరు.

"ఏమయ్యా, ఆ మామకి ఈ అల్లుడి మీద అంత కోపం ఏంది?"

"ఏదో ఆస్తి తగాదా" అన్నాను, ముక్తసరిగా.

"పొలమా, ఇల్లా?"

నేను జవాబు వెతుక్కునే లోపు వెనకనుంచి ఒక గొంతు, "చెట్టంట!" అంది. వరండా విరగబడి నవ్వింది. నవ్వు వీధి దాటి వెళ్ళింది. మిల్లు మొదలైంది. దుప్పటోడు చిక్కిపోయాడు. అందరం తుమ్మాం.

అట్లా వారాలు గడిచాయి. ఆ కుర్రాడు కావాలనే ఆ వేళకి మిల్లు వేస్తున్నాడని వరండా మొత్తం అభిప్రాయం. ఆదివారం గిరాకీ, కారం ఆడించే కాలం, నేనేం చెయ్యను అని అతను ఎవరితోనో అన్నాడట. రెండూ నిజమే అయ్యుండాలి. నేను ఒకసారి బస్సు దిగి వస్తూ మిల్లు లోపలికి చూశాను. మిల్లు ఆడుతోంది, అతను మాత్రం గుమ్మం దగ్గర నిలబడి మెడ చాచి మా తెర వైపు చూస్తున్నాడు. నన్ను చూసి, మెడ నొప్పి వచ్చినవాడిలా అటూ ఇటూ తిప్పుకున్నాడు. అతని వెనక మిరపకాయల గోతం మీద వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఆమె మెడ తిప్పుకోలేదు. సూటిగా మామ్మ మంచం వైపు చూస్తోంది.

ఒక ఆదివారం అంతా వెళ్ళిపోయాక ఇంటాయన నన్ను ఆపాడు.

"ఏందయ్యా, ఈ మేనమామ గోల?"

"కథ బాబాయ్..."

"ఊళ్ళో నన్ను గుండోడంటున్నారు."

నేను ఆయన తల వైపు చూడకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాను.

"వచ్చే వారానికి వాడు మేనమామ కాకూడదు."

"ఇన్నాళ్ళు మేనమామ అయినవాణ్ణి ఇప్పుడు కాదంటే ఎట్లా బాబాయ్? ఏమని చెప్పను?"

"పెదనాన్నని చెయ్యి."

పక్కనే చుట్ట వెలిగించుకుంటున్న పెద్దమనిషి గబుక్కున తలెత్తాడు. "ఏందీ? పెదనాన్నంటే ఎవరు? నాకూ నా తమ్ముడి కొడుక్కీ కోర్టులో నడుస్తందని తెలియదా నీకు?"

"పోనీ బావని చెయ్యి" అన్నాడు ఇంటాయన.

"సర్పంచి ఊరుకుంటాడా?" అన్నాడు చుట్టాయన.

అక్కడే నిలబడి ముగ్గురం చుట్టరికాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేశాం. ఖాళీగా ఉన్నది ఒక్కటీ దొరకలేదు. ప్రతి వరసకీ ఆ ఊళ్ళో అప్పటికే ఒక గొడవ నడుస్తోంది. ఇంటాయన చివరికి విసిగిపోయి, "అయితే పెట్టె తీసేయ్" అన్నాడు.

నిజానికి షాపు నుంచీ అదే మాట. మామూలుగా నాలుగైదు వారాల్లో తేలిపోవాల్సింది, ఇక్కడ ఇంటాయన కొంటాననీ అనడు, వద్దనీ అనడు. పిల్లలు ఏడ్చారు. ఆడవాళ్ళు మాట్లాడకుండా ఊరుకున్నారు కూడా. సిద్ధాంతం రెండు వైపులా ఫెయిలైంది. "ఈ ఆదివారమే ఆఖరు. కొంటే సరి, లేకపోతే పెట్టె బస్సు మీద వేసుకుని వచ్చెయ్" అన్నాడు ఓనరు. మెకానిక్ అన్న ఇంకేం అనలేదు. నా వైపు చూసి, టెస్టర్‌తో తన నోటి మీద రెండుసార్లు కొట్టుకున్నాడు.

ఆ ఆఖరు ఆదివారం నేను వెళ్ళేసరికి మామ్మ నన్ను పెరట్లోకి పిలిచి మజ్జిగ ఇచ్చింది.

"ఇవ్వాళ్టితో పెట్టె పోద్దంటగా?"

"అవును మామ్మా."

"మరి ఆ మామ ఎప్పుడు మారతాడు?"

"మారడు మామ్మా. అది ఎక్కడో పై దేశంలో గీశారు. నా చేతిలో లేదు."

"గీసింది వాళ్ళు. చెప్పేది నువ్వుగా."

నేను మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. ఆమె గొంతు తగ్గించింది.

"నేను చచ్చేలోపు నా బిడ్డలు కలవాలని ఏడవట్లేదులే, భయపడమాక. నాకేం రోగం లేదు. నా కూతురు ఈ గుమ్మం ఎక్కాలి, అంతే. అది పండుమిరపకాయలతో నూరే కొరివికారం తిని మూడేళ్ళయింది."

"కోడలు చెయ్యదా?"

"చేస్తది. అందుకే అడుగుతున్నా."

"నువ్వే వీధి దాటి వెళ్ళి పిలవొచ్చుగా మామ్మా? పది అడుగులు లేవు."

"నేను పోతే గెలుపు దానిది. అది వస్తే గెలుపు వీడిది. అందుకని మూడేళ్ళుగా ఎవరూ ఎటూ పోవట్లా. ముందు మాట్టాడినోడు ఓడినట్టు. ఇద్దరూ నా పిల్లలే, ఎవర్ని ఓడించమంటావ్?" ఖాళీ గ్లాసు తీసుకుంది. "ఇవ్వాళ నువ్వేదో ఒకటి చెయ్యాలి. ఆ మేనమామని నువ్వేగా పెట్టింది."

నేను ఒప్పుకోలేదు, కాదనలేదు. మజ్జిగ తాగాక కాదనడం కష్టం. వరండాలోకి వచ్చి టీవీ ఆన్ చేశాను. స్టెబిలైజరు బల్ల కింద, నా కుడికాలి పక్కన ఉంది. ఈ వివరం గుర్తుపెట్టుకోండి.

వరండా నిండింది, మెట్లు నిండాయి, గోడ మీద కుర్రాళ్ళు ఎక్కారు. ఇంటాయన తన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఏ వరస చెబుతానో వినడానికి. ఎదురుగా మిల్లు అప్పటికే ఆడుతోంది. ఒకావిడ మిరపకాయల డబ్బా పట్టుకుని గుమ్మంలో తన వంతు కోసం నిలబడింది.

ఆ వారం కథ ఇదీ. గుండాయన గుహలో ఏదో యంత్రం పేలింది. కొండ రెండుగా చీలింది. మధ్యలో లోయ, అడుగున కుతకుత ఉడికే బురద. గుండాయన కాలు జారి, అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. దుప్పటోడు ఎగురుతూ వచ్చి పైన నిలబడ్డాడు.

"ఏమంటున్నాడు?" అంది మామ్మ. అడగడంలోనే నాకేం చెప్పాలో చెప్పేసింది.

ఇంటాయన నా వైపు చూశాడు.

"మామా, అంటున్నాడు" అన్నాను. వరండా గొణిగింది. ఇంటాయన దవడ బిగిసింది. వెనక్కి పోయే దారి లేదు. "మామా, నీకూ నాకూ మధ్య ఏముంది? ఏదో వచ్చింది, పోయింది. చెయ్యివ్వు, అంటున్నాడు."

అతను నిజంగానే చెయ్యి చాచాడు. బొమ్మా నా మాటా ఇన్ని వారాల్లో కలిసింది అదొక్కసారే. గుండాయన పైకి చూశాడు. ఆగాడు. మెల్లగా ఒక చెయ్యి ఎత్తి దుప్పటోడి చేతిలో పెట్టాడు.

వరండాలో ఒక్కళ్ళూ తుమ్మలేదు.

కానీ నేను ఈ సీరియల్ చాలా వారాలుగా చూస్తున్నాను. ఈ గుండాయన సంగతి నాకు తెలుసు. తెర మీద అతని రెండో చెయ్యి మెల్లగా వీపు వెనక్కి వెళుతోంది. నడుము దగ్గర ఏదో మెరిసింది. ముందు వరసలో ఒక పిల్ల, "అమ్మా, మామ చేతిలో క..." అంటుండగా వాళ్ళమ్మ ఆ నోరు మూసేసింది.

నా కుడికాలు కదిలింది. నా ఉద్యోగ జీవితంలో నేను తీసుకున్న ముఖ్య నిర్ణయాలన్నిటిలో తల ప్రమేయం లేనిది ఇదొక్కటే. కాలి బొటనవేలితో స్టెబిలైజరు స్విచ్చి నొక్కేశాను. తెర మధ్యలో చుక్కయి ఆరిపోయింది.

"కరెంటు పోయింది" అన్నాను.

అందరూ నన్ను చూశారు. తర్వాత ఒక్కొక్కరే తలలు ఎత్తి పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది. మామూలుగా కిర్రుమనే ఫ్యాను ఆ రోజు మరీ ఉత్సాహంగా తిరుగుతోంది. వీధికవతల మిల్లు గడగడా ఆడుతోంది. ఊళ్ళో కరెంటు ఉందని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏ కోర్టూ అడగదు.

నేను ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. వారాల తరబడి లేని చుట్టరికాలు పుట్టించిన నోరు.

ఇంటాయన కుర్చీలోంచి లేచాడు. నేను యాంటెన్నా గొట్టం ఎంత బరువుంటుంది, బస్సు ఎన్నింటికి, ఈ రెండూ ఆలోచిస్తున్నాను. ఆయన నన్ను దాటి గోడ దగ్గరికి వెళ్ళాడు. తల ఎత్తి ఫ్యాను వైపు చూశాడు. మంచం మీద తల్లి వైపు చూశాడు. చెయ్యి చాపి ఫ్యాను స్విచ్చి ఆపేశాడు.

"పోయింది" అన్నాడు.

రెక్కలు నెమ్మదించి, ఆగాయి. ఇంటాయన వరండా అంచు దాకా వెళ్ళి నిలబడ్డాడు. కరెంటు పోయినప్పుడు ఏ వీధిలోనైనా ఎవరైనా ఎవరినైనా అడిగే మాట ఒకటి ఉంది. అది అడగడానికి ఇద్దరి మధ్యా మాటలు ఉండక్కర్లేదు, ఓడిపోవక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకుని, వీధి అవతలికి వినపడేట్టు అడిగాడు.

"ఏమే! మీకుందా?"

మిల్లు గడగడలాడుతూనే ఉంది. గుమ్మంలో మేనల్లుడు కారం చేతులతో కొయ్యబారి నిలబడ్డాడు. అతని వెనకనుంచి వాళ్ళమ్మ లేచి వచ్చింది. అన్నని చూసింది, ఆగిపోయిన ఫ్యానుని చూసింది, కొడుకు వైపు తల తిప్పి ఏదో అంది. అతను లోపలికి పరిగెత్తాడు. మిల్లు గొంతు దిగుతూ దిగుతూ ఆగింది. బెల్టు ఇంకా తిరుగుతూనే ఉంది.

"లేదన్నాయ్!" అందామె. "మాకూ పోయింది!"

"ఏందీ పోయింది?" అంది డబ్బా పట్టుకున్నావిడ. "ఇప్పటిదాకా ఆడిందిగా! నా కారం సంగతేంది?"

"కరెంటు లేదంటుంటే నీక్కాదూ?" అన్నాడు మేనల్లుడు.

మామ్మ మంచం మీదనుంచే అరిచింది. "అయితే ఆ ఉక్కలో ఏం చేస్తావే? ఇట్టొచ్చి కూచో. ఇక్కడ గాలన్నా వస్తది."

గాలి ఎక్కణ్ణుంచి వస్తుందని ఎవరూ అడగలేదు. ఫ్యాను ఆపేసిన వరండాలో అంతమందిమి, ఆ ఎండలో, ఒకరి చెమటలో ఒకరం ఉన్నాం. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ వీధి దాటి వచ్చింది. కారం కొంగు. వరండా మొత్తం మళ్ళీ తుమ్మింది. మామ్మ మంచం మీద జరిగి చోటిచ్చింది. ఆమె కూర్చుంది.

ఇక్కడ కౌగిలింతలు, కన్నీళ్ళు రాయాలని నాకూ ఉంది. ఏమీ జరగలేదు. ఈ ఏడు పత్తి ఎట్లా వచ్చిందని ఇంటాయన అడిగాడు. తెగులు తగిలిందంది. మందు కొట్టారా అన్నాడు. కొట్టాం అంది. మేనల్లుడు వచ్చి మెట్ల మీద, అన్నిటికన్నా కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఇంటాయన అతన్ని చూసి, "మిల్లుకి కొత్త మోటరు వేశావంటగా" అన్నాడు. అతను "ఆఁ మామా" అన్నాడు. అంతే. మామ్మ మాత్రం కూతురు చెవిలో ఏదో చెబుతోంది. కాసేపయ్యాక ఆమె లేచి వీధి దాటి వెళ్ళి, ఒక చిన్న జాడీ తెచ్చింది.

ఇక అసలు చిక్కు అప్పుడు మొదలైంది. కరెంటు తిరిగి వచ్చిందని ఎవరు చెప్పాలి? వచ్చిందంటే మిల్లు వెయ్యాలి, ఆమె వెళ్ళిపోవాలి. పోయిందన్నది నేను, ఒప్పుకున్నది ఇంటాయన. వచ్చిందనడానికి మా ఇద్దరికీ ధైర్యం లేదు. జనం మూలుగుతూ విసురుకుంటున్నారు. లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ వెళ్ళరు. డబ్బా ఆవిడ కూడా వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఒక పిల్లాడు నెమ్మదిగా, "మామ్మా, కరెంటు వచ్చిందేమో చూడనా?" అన్నాడు.

"రాలా. కూచో" అంది మామ్మ.

ఇంకో పిల్ల అడిగింది. రాలేదంది. ఆ పూట ఆ ఊరి కరెంటు మొత్తం నులకమంచం మీద ఉంది. కోడలు కంచంలో అన్నం తెచ్చి అత్త చేతికిచ్చింది. మామ్మ జాడీ తెరిచి, కొరివికారం కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. కూతురు ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఉప్పు తక్కువైంది" అంది మామ్మ.

కూతురు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వింది. కోడలు ఇంకాస్త గట్టిగా నవ్వింది.

మామ్మ కంచం కిందపెట్టి, చెమటతో తడిసిపోయిన జనాన్ని ఒకసారి చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, వచ్చినట్టుంది. ఫ్యానెయ్యి."

పెట్టె ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. ఇంటాయన కొన్నాడు. ఎందుకు కొన్నాడో మా ఓనరు సిద్ధాంతంలో లేదు. మరుసటి ఆదివారం నేను ఆఖరిసారి వెళ్ళి అన్నీ సరిచూస్తుంటే తెర మీదికి గుండాయన మామూలుగానే వచ్చి పళ్ళు కొరికాడు. లోయ నుంచి ఎట్లా బయటపడ్డాడో, ఆ మెరిసిన వస్తువు ఏమైందో ఆ సీరియల్ వాళ్ళు చెప్పలేదు, లేదా ఇంగ్లీషులో చెప్పారు.

"ఏందండీ, మేనమామ మారాడుగా? మళ్ళీ వచ్చాడేంది?" అన్నారెవరో.

నేను నోరు తెరవబోయాను. ఈసారి ఇంటాయన కుర్చీలోంచే జవాబిచ్చాడు.

"వాడు వేరు, వీడు వేరు. వీడు దుప్పటోడికి ఏమీ కాడు."

"అచ్చు అట్లాగే ఉన్నాడుగా!"

"గుండు కొట్టిస్తే అందరూ అట్లాగే ఉంటారు" అన్నాడు. మేనల్లుడు ఫ్యాను కింద కూర్చుని పెద్దగా నవ్వాడు. ఆ వేళకి మిల్లు ఆడటం లేదు. దుప్పటోడు నిండు తెరకి ఉన్నాడు.

షాపుకి వచ్చాక మెకానిక్ అన్న అడిగాడు, ఏం చెప్పి అమ్మావని. ఏమీ చెప్పలేదు, నోరు ఆఫ్ చేశాను అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. తన శిష్యులందరికీ నన్ను చూపించి చెప్పేవాడు.

తమ్ముళ్ళూ, ఇంత అనుభవంలో మీకు పనికొచ్చేది ఒక్కటే ఉంది. కథలు చెప్పమనను, మానమనను. అది మీ నోటికీ మీకూ సంబంధించినది. ఎక్కడ టీవీ బిగించినా, స్టెబిలైజరు మాత్రం కాలికి అందేట్టు పెట్టుకోండి.